సొంతంగా చేసిన ఉలి: ఒకటి విరిగింది, ఒకటి వంగింది. ఏ ఇనుము తీసుకోవాలి?

మిర్యాల_రంద (మిర్యాలగూడ), ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను రైస్ మిల్లులో ఫిట్టర్‌ని. చెక్కపని నాకు ఆదివారం పని. మా తాత వడ్రంగి, నాన్న కాదు, నేను సగం. తాత పెట్టెలో దొరికిన నాలుగు ఉలుల్లో రెండు సాన పట్టీ పట్టీ అంగుళం మిగిలాయి. అలాంటివి నేనే చేసుకుందామని దిగాను.

మొదటిది మిల్లులో పారేసిన పన్నెండంగుళాల ఆకురాయితో. గ్రైండర్‌తో మొన చెక్కి పదును పెట్టాను. చేతి మీద వెంట్రుకలు గొరిగినట్టు ఊడాయి. ఆ సంతోషం పావుగంట. వేప దర్వాజకు కుసి దూరే బెజ్జం కొడుతుంటే నాలుగో దెబ్బకు మూల నుంచి కందిబద్దంత ముక్క లేచిపోయింది. అది ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాను.

రెండోది వెల్డింగ్ షాపు నుంచి తెచ్చిన ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మెత్తటి ఇనుము) పట్టా. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి బకెట్ నీళ్లలో ముంచితే బుస్సుమంది. గట్టిపడిందనే అనుకున్నా. టేకు ముక్క మీద రెండు దెబ్బలకే అంచు రేకులా వెనక్కి తిరిగింది.

ఒకటి పెళుసు, ఒకటి మెత్తన. ఈ రెండింటి మధ్యలో ఉండేది ఎట్లా చేయాలి? ఫోటోలు ఎక్కడం లేదు, రేపు మళ్లీ చూస్తా.

పాలమూరు_మాస్టారు (మహబూబ్‌నగర్), ఆదివారం రాత్రి 10:05

తమ్ముడూ, ఐటీఐలో ఫిట్టర్ పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే ఇది. మధ్యాహ్నం క్లాసు కాబట్టి సగం మంది నిద్రపోయేవాళ్లు. నువ్వు నిద్రపోకు.

ఇనుము గట్టిపడాలంటే అందులో కార్బన్ ఉండాలి. ఎం.ఎస్.లో పావు శాతం లోపే ఉంటుంది. దాన్ని ఎంత కాల్చి కృష్ణలో ముంచినా ఉలి కాదు. ఆకురాయిలో ఒక శాతం దాటి, సుమారు 1.2 దాకా ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని గాజంత గట్టిగానే వదిలేస్తారు, ఎందుకంటే ఆకురాయిని ఎవరూ సుత్తితో కొట్టరు. నువ్వు కొట్టావు.

ఆ ఉలిని మళ్లీ కాల్చే పని లేదు. దానికి తక్కువైంది టెంపరింగ్ ఒక్కటే. విరిగిన మూల పోయేదాకా అరగదీసి, 220 డిగ్రీల వేడిలో గంట ఉంచి, చల్లారాక మళ్లీ అదే వేడిలో ఇంకో గంట ఉంచు. గట్టిదనం కొంచెం తగ్గుతుంది, పెళుసుదనం చాలా తగ్గుతుంది. మనకు కావలసిన బేరం అదే.

ఒక మాట అడుగుతాను. ఆకురాయి పళ్లు పూర్తిగా తీశావా, లేక వెనకవైపు అలాగే ఉంచావా?

మిర్యాల_రంద, ఆదివారం రాత్రి 10:21

వెనక ఉంచేశాను సార్. చూడటానికి బాగుందని.

పాలమూరు_మాస్టారు, ఆదివారం రాత్రి 10:30

అదే మరి. ప్రతి పన్ను అడుగునా ఒక సన్నటి గాటు ఉంటుంది. దెబ్బ తగిలితే పగులు అక్కడే మొదలవుతుంది. అందం సంగతి తరవాత, ముందు నున్నగా తియ్యి. పైగా ఉలి వీపు అద్దంలా లేకపోతే అంచుకు పదునే నిలవదు.

కొనుక్కోరాదూ (హైదరాబాద్), సోమవారం ఉదయం 7:48

హార్డ్‌వేర్ షాపుకు పోతే ఉలి దొరుకుతుంది కదా బ్రదర్. గ్రైండర్ కరెంటు, డిస్కులు, ఆదివారాలు అన్నీ లెక్కేస్తే ఇది బంగారు ఉలి అవుతుంది.

మిర్యాల_రంద, సోమవారం ఉదయం 8:15

అన్నా, మామూలు ఉలి ఐతే కొంటాను. నాకు కావలసింది బెజ్జాలకు పనికొచ్చే మందపాటి ఉలి. వెడల్పు తక్కువ, మందం ఎక్కువ, లోపల అడ్డంగా తిప్పి చెక్కను పెళ్లగించినా వంగకూడదు. తాతది అలాగే ఉండేది, వేలెడు మందం. ఇక్కడి షాపుల్లో అన్నీ పలకల్లా పలచగా ఉన్నాయి. బంగారం మాట నిజమే, మా ఆవిడ కూడా అదే అంది.

కొలిమి_పోరడు (దేవరకొండ వైపు), సోమవారం రాత్రి 8:40

మాది కమ్మరి ఇల్లు. నేను ఇప్పుడు మొబైల్ షాపు నడుపుతున్నా, కానీ ఇంటర్ దాకా కొలిమి దగ్గర గాలి కొట్టింది నేనే. నాకు తెలిసింది రాస్తా.

కమాన్ పట్టా తీసుకో అన్నా, అదే బండి కింద బరువు మోసే స్ప్రింగు పట్టా. లారీది చాలా మందం, చేతితో సాగదీయాలంటే ఇద్దరు సమ్మెట వేయాలి. జీపుదో చిన్న ట్రాలీదో ఐతే బెజ్జం ఉలికి సరిపోతుంది. కార్బన్ ఆకురాయి అంత ఉండదు, అర శాతం పైన. అదే మంచిది, దెబ్బ తట్టుకుంటుంది. తూకానికి అమ్మే పాత సామాను దుకాణంలో దొరుకుతుంది. ఎడ్లబండి చక్రం మీది ఇనుప పట్టా చూపించి "పాతకాలం ఉక్కు" అని అంటగడతారు, తీసుకోకు. అది మెత్తటి ఇనుము, నీ ఎం.ఎస్. పట్టాకు పెద్దన్న. సలాక ముక్కలు కూడా వద్దు.

మా తాత నీళ్లు పెట్టే పద్ధతి చెప్తా. నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

సర్కారు తుమ్మ బొగ్గుల్లో ఉలి మొనను పండిన రేగుపండు రంగుకు తెచ్చేవాడు. పొద్దున పూట గానీ, సాయంత్రం దీపాలు పెట్టే వేళ గానీ చేసేవాడు. ఎండలో రంగు తెలియదు, మోసపోతాం. మొనను అంగుళంన్నర మాత్రమే నీళ్లలో నిట్టనిలువుగా దించి, అక్కడే కొంచెం పైకీ కిందికీ ఆడించేవాడు. ఒకే మట్టం దగ్గర నిలబెడితే ఆ గీత వెంట పగులుతుందట. బయటికి తీసి, ఇటుక ముక్కతో ఒక పక్క రుద్దేవాడు, నల్ల పెచ్చు పోయి తెల్లగా మెరిసేదాకా. ఇదంతా గబగబా. వెనక భాగం ఇంకా ఎర్రగానే ఉంటుంది కదా, ఆ వేడి మెల్లగా మొన వైపు నడిచి వస్తుంది. ఆ మెరుపు మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక బెల్లం రంగు, ఆ వెనక వంకాయ రంగు, చివరికి నెమలి మెడ. గడ్డి రంగు సరిగ్గా అంచుకు చేరగానే మొత్తం ముంచేసేవాడు. ఒక్క ఊపిరి ఆలస్యమైతే వంకాయ వచ్చేస్తుంది, అప్పుడు మళ్లీ కొలిమిలోకే.

గొడ్డలికి మాత్రం వంకాయ దాకా రానిచ్చేవాడు.

బాలానగర్_ఫర్నేస్ (సొంతూరు నకిరేకల్), సోమవారం రాత్రి 9:26

చాలా బాగా రాశావు తమ్మీ, కానీ ఒక్కచోట ఒప్పుకోను. కమాన్ పట్టా నీళ్లకు పుట్టిన ఉక్కు కాదు. అందులో కలిపిన సిలికాన్, మాంగనీస్, కొన్నింట్లో క్రోమియం, వీటివల్ల నూనెలో ముంచినా గట్టిపడుతుంది. నీళ్లలో వేస్తే అవసరానికి మించిన వేగంతో చల్లారి పగులుతుంది. మీ తాత చేయి తిరిగినవాడు, మొన మాత్రమే ముంచాడు కాబట్టి నెగ్గుకొచ్చాడు. మిర్యాల తమ్ముడు మొదటిసారే అలా చేస్తే నష్టం.

పల్లీ నూనె చాలు. 50, 60 డిగ్రీలకు గోరువెచ్చగా చేసి ఇనుప డబ్బాలో పోసుకో. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, వెచ్చనిది బాగా లాగుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ నిజం. ప్లాస్టిక్ బకెట్ వద్దు. మూతకు రేకు ముక్క పక్కనే ఉండాలి, మంట లేస్తే కప్పేయడానికి. ఆ మంట మీద నీళ్లు పోయొద్దు. పాత ఇంజన్ ఆయిల్ జోలికి పోకు, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రంగు చూసి వేడి కనిపెట్టడం రాకపోతే అయస్కాంతం పెట్టి చూడు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కమాన్ పట్టా ఐతే అక్కడి నుంచి ఇంకో పిసరు రంగు పెరగనిచ్చి ముంచెయ్.

కొలిమి_పోరడు, సోమవారం రాత్రి 9:41

అన్నా, మా తాత కమాన్ పట్టా ఉలులు ఎన్నో చేశాడు, నీళ్లతోనే.

బాలానగర్_ఫర్నేస్, సోమవారం రాత్రి 9:44

పగిలినవి ఎన్నో చెప్పాడా?

కొలిమి_పోరడు, సోమవారం రాత్రి 9:58

ఇప్పుడు గుర్తొస్తోంది. కొలిమి వెనక ఒక గుంట ఉండేది, దాంట్లో విసిరేసేవాడు. లెక్క ఎప్పుడూ చెప్పలేదు. సరే, నూనె.

వనపర్తి_చెక్క (వనపర్తి), మంగళవారం మధ్యాహ్నం 2:10

నేను చిన్న చిన్న చెక్కబొమ్మలు చేస్తాను. నాకు పెద్ద ఉలులతో పని తక్కువ, కొలిమి లేదు, కొట్టే బలం కూడా లేదు. కాల్చకుండా చేసుకున్నవి రెండు చెప్తాను, మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుంది.

గీత గీసే కత్తి: వర్క్‌షాపుల్లో మెషిన్‌తో ఇనుము కోసే పెద్ద హాక్సా బ్లేడు ఉంటుంది కదా, అరిగిపోయాక పారేస్తారు. అది హై స్పీడ్ స్టీల్. ముక్క కోసి మొన చెక్కితే చాలు. గ్రైండర్ మీద కాస్త వేడెక్కినా గట్టిదనం పోదు. మామూలు ఉక్కు ఐతే నీలం రంగు వచ్చిన చోటల్లా మెత్తబడిపోతుంది. ఐతే కొన్ని బ్లేడ్లలో పళ్ల వరస మాత్రమే గట్టిది, వీపు మెత్తటిది. వీపు మీద ఆకురాయి పెట్టి గీయండి. జారితే మంచి బ్లేడు, కరిస్తే వదిలేయండి.

బొమ్మల కళ్లు, గోళ్లు చెక్కే బుల్లి ఉలి: కాంక్రీట్ మేకు. గోడకు కొట్టే గట్టి మేకు. తల కోసేసి, మొన పలకగా అరగదీసి, పెన్సిలంత పిడి పెట్టాను. అరగదీస్తూ ప్రతి రెండు క్షణాలకూ నీళ్ల గ్లాసులో ముంచాలి, అంతే.

ఇక టెంపరింగ్. నేను కేకులు చేసే చిన్న ఓవెన్ వాడతాను. దాని మీద అంకె 200 చూపిస్తే లోపల 180 ఉండొచ్చు, 230 ఉండొచ్చు. ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. పనిముట్టును నూనె లేకుండా సబ్బుతో కడిగి పెట్టండి. నేను మొదటిసారి కడగలేదు. ఇల్లంతా పొగ, ఆ తరవాత వారం రోజులు ఏ కేకు చేసినా మా అత్తమ్మ "ఇనుము వాసన వస్తోంది" అనేది. వాసన లేదు, కానీ ఎవరు వాదిస్తారు.

మిర్యాల_రంద, మంగళవారం రాత్రి 9:30

అక్కా, థర్మామీటర్ మాట చాలా ఉపయోగం. మా ఇంట్లో ఓవెన్ లేదు, పక్కింటి వాళ్లను అడగాలి. ఉలి పెడతానని ముందే చెప్పాలా, తరవాత చెప్పాలా?

వనపర్తి_చెక్క, మంగళవారం రాత్రి 9:52

ముందే చెప్పు తమ్ముడూ. సగం కేకు చేసి ఇస్తానని కూడా చెప్పు.

మిర్యాల_రంద, ఆదివారం రాత్రి 8:05

వారం కిందటి నుంచి జరిగింది చెప్తా. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ఆకురాయి ఉలి మాస్టారు చెప్పినట్టు రెండు వైపులా నున్నగా తీసి ఓవెన్‌లో రెండు గంటలు పెట్టాను. లేత గడ్డి రంగు వచ్చింది. వేప మీద గంటసేపు పని చేసింది, మూల విరగలేదు. దానికి నెగ్గాం.

కమాన్ పట్టా మాత్రం కథ. పాత సామాను దుకాణంలో జీపుది అని ఇచ్చారు, తుప్పు పట్టి ఉంది. శనివారం సాయంత్రమే మంటలో ఎర్రగా కాల్చి మా మిల్లు బాయిలర్ దగ్గరి ఊక బూడిద కుప్పలో పూడ్చిపెట్టా. పొద్దున్నే చేయి పెడితే ఇంకా వెచ్చగా ఉంది! హాక్సా బ్లేడు వెన్నలో దిగినట్టు దిగింది. ఈ చిట్కా ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది. మిర్యాలగూడలో ఇన్ని మిల్లులు పెట్టుకుని ఊక బూడిద వాడకపోతే ఎట్లా.

పక్క ఊళ్లో ఇంకా కొలిమి నడుపుతున్న పెద్దాయన ఉన్నాడు. ఆయన దగ్గర సాగదీయించుకున్నా. ఆయన కొడుతున్నప్పుడు దాగలి మీద శబ్దం ఒక లయలో ఉంటుంది, ఉక్కు మీద రెండు, దాగలి మీద ఒకటి. నేను కొడితే డబ్బా దొర్లినట్టు ఉంది. ఎరుపు తగ్గగానే "ఇంక ముట్టకు" అన్నాడు. చల్లారిన ఉక్కును కొడితే లోపల చీలుతుందట.

తరవాత నూనె. పల్లీ నూనె లీటరు, పాత పెయింట్ డబ్బా, పక్కన రేకు మూత. అయస్కాంతం అంటలేదు. పటకారుతో పట్టి నిలువుగా దించా. భగ్గుమని చిన్న మంట, ఆరిపోయింది. అంతా బాగుందనుకుంటుండగా నూనెలో నుంచి "టింగ్" అని చిన్న శబ్దం. గాజు గ్లాసుకు చెంచా తగిలినట్టు. బయటికి తీసి తుడిస్తే మొనకు రెండంగుళాల పైన వెంట్రుక మందం నల్ల గీత, ఈ పక్క నుంచి ఆ పక్క దాకా.

నూనెలోనే ముంచాను కదా, మరి ఎందుకు పగిలింది?

బాలానగర్_ఫర్నేస్, ఆదివారం రాత్రి 8:31

దాన్ని ఆ గీత దగ్గర విరగ్గొట్టి చూడు. ఉత్త చేతులతో వద్దు, వైస్‌లో పట్టి, గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని. లోపలి ముఖం ఎలా ఉందో చెప్పు.

మిర్యాల_రంద, ఆదివారం రాత్రి 9:10

విరిచాను. ఒక పక్క మూడో వంతు మేర నల్లగా, తుప్పు రంగులో ఉంది. మిగతాది బూడిద రంగు, సన్నగా, పట్టుగుడ్డలా ఉంది.

బాలానగర్_ఫర్నేస్, ఆదివారం రాత్రి 9:19

ఐతే తప్పు నీది కాదు, నీ వేడిదీ కాదు. ఆ నల్లటి భాగం పాత పగులు. బండి మీద గుంతల్లో ఏళ్ల తరబడి ఊగి ఊగి పట్టా అలసిపోయి అక్కడ ముందే చీలింది, లోపలికి తుప్పు దిగింది. నూనె దాన్ని బయటపెట్టింది. మిగతా భాగం పట్టుగుడ్డలా ఉందన్నావు, అంటే నీ కాల్చడం సరిగ్గా ఉంది. ఎక్కువ కాల్చి ఉంటే దొడ్డుప్పు గల్లుల్లా మెరుస్తూ కనిపించేది, అలాంటి ఉలి అంచు రవ్వలు రవ్వలుగా రాలిపోతుంది.

కమాన్ కట్టలో ఎక్కువగా విరిగేవి నడుమ బోల్టు రంధ్రం దగ్గరా, చివర్లలోనూ. ఆ చోట్లు వదిలేసి, రంధ్రానికీ చివరకూ మధ్య ఉన్న ముక్క తీసుకో. కొనే ముందు తుప్పు గీకి, కిరోసిన్ పూసి తుడిచి, సుద్దపొడి చల్లి ఐదు నిమిషాలు చూడు. పగులు ఉంటే లోపలి కిరోసిన్ సుద్ద మీదికి గీతలా ఊరుతుంది.

ఇంకో దారి, పాత ఇనుముతో తిప్పలు వద్దనుకుంటే, కొత్త ఓ.హెచ్.ఎన్.ఎస్. (నూనెలో గట్టిపడే పనిముట్ల ఉక్కు) పట్టీ కొను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే చెప్తారు. 0.9 శాతం దాకా కార్బన్, అనీల్ చేసి, అంటే కాల్చి మెల్లగా చల్లార్చి మెత్తబరిచి, వస్తుంది, ఆకురాయితో ఆకారం తీసుకోవచ్చు. 800 డిగ్రీల దగ్గర నూనెలో ముంచి, 200 దగ్గర టెంపర్ చేస్తే గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60కి అటూ ఇటూ వస్తుంది. వంకర కూడా తక్కువ పోతుంది. రంద (చిత్రిక) బ్లేడుకు దాన్ని మించింది మన స్థోమతలో లేదు.

పాలమూరు_మాస్టారు, ఆదివారం రాత్రి 9:47

సుద్దపొడి పరీక్ష బాగా గుర్తు చేశావు నాయనా. మేం పిల్లలతో ఇంజన్ భాగాల మీద చేయించేవాళ్లం.

మాట వచ్చింది కాబట్టి, మన ఉక్కుకు ఎంత చరిత్ర ఉందో పిల్లలకు తెలియదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పరదేశాలకు పోయేది. ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నది మన దక్షిణాది "ఉక్కు" మాటనే అని చాలామంది చెబుతారు. కత్తులకు...

నిర్వాహకుడు, ఆదివారం రాత్రి 10:02

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది కానీ పోయిన నెల కూడా రంపం మీద చర్చ కోనసముద్రం దాకా వెళ్లి తిరిగి రాలేదు. దానికి విడిగా చర్చ తెరవండి, అందరం వస్తాం.

పాలమూరు_మాస్టారు, ఆదివారం రాత్రి 10:04

సరే సరే. ఉలి.

కొలిమి_పోరడు, సోమవారం ఉదయం 6:55

మిర్యాల అన్నా, ముంచేటప్పుడు మొనను మరీ పలచగా చెక్కి ఉంచావా? అంచు దగ్గర రూపాయి బిళ్ల మందం ఉంచి ముంచాలి. కాగితంలా ఉంటే కొలిమిలోనే కాలిపోతుంది, కాలకపోతే నూనెలో అల్లాడి వంకర పోతుంది. అసలు పదును చివరలో పెట్టేది. నూనెలో పక్కలకు తిప్పొద్దు, దించిన దారిలోనే పైకీ కిందికీ.

మిర్యాల_రంద, మూడు వారాల తరవాత, ఆదివారం రాత్రి 9:40

ఇంతకాలం చప్పుడు లేనందుకు మన్నించండి, మిల్లులో సీజన్. ఈసారి ఆటో నగర్ దాకా పోయి వచ్చా. విజయవాడ రోడ్డు మీద పనుండి పోతే దిగాను. పట్టా మధ్య ముక్క తీసుకున్నా, సుద్ద పరీక్ష దుకాణం ముందే చేశా. దుకాణదారు "పూజ చేస్తున్నావా" అన్నాడు.

ఉలి తయారైంది. పొడవు తొమ్మిదంగుళాలు, వెడల్పు అర అంగుళం, మందం ఎనిమిది మిల్లీమీటర్లు. ముంచాక ఆకురాయితో గీస్తే గాజు మీద జారినట్టు జారింది. అర మిల్లీమీటర్ వంకర వచ్చింది, వీపు అరగదీసేటప్పుడు సరిపోయింది. ఓవెన్‌లో 200 దగ్గర రెండు సార్లు. పక్కింటి వాళ్లకు కేకు బాకీ.

వీపుకు పట్టిన టైమే ఎక్కువ. వంటింటి గట్టు వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క మీద నీళ్ల కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) అంటించి, 120 నంబరుతో మొదలుపెట్టి, 400, 1000. మార్కర్‌తో వీపంతా గీతలు గీసి రుద్దితే ఎక్కడ గుంట ఉందో తెలుస్తుంది, అక్కడ మార్కర్ రంగు పోదు. అంచుకు ఆనుకున్న అంగుళం సరిగ్గా ఉంటే చాలని ఎక్కడో చదివాను. నాకు ఆ అంగుళానికే రెండు సాయంత్రాలు.

ఒక ఇబ్బంది. 25 డిగ్రీల వాలు పెట్టి టేకు మీద వేస్తే అంచు మళ్లీ మడతపడింది. ఎం.ఎస్. అంత కాదు, గోటితో తడిమితే తగిలేంత. మళ్లీ సాన పట్టా, మళ్లీ అదే, ఈసారి కొంచెం తక్కువ. గుండె జారిపోయింది. ఇంత చేసి మెత్తనేనా?

పాలమూరు_మాస్టారు, ఆదివారం రాత్రి 10:11

రెండోసారి తక్కువ అన్నావు, అదే జవాబు. కొలిమిలో కాలుతున్నంతసేపూ ఉక్కు పై పొరలో కార్బన్ గాలిలోకి పోతుంది. పైన పలచగా మెత్తటి తోలు మిగులుతుంది. నీ అంచు ఇంకా ఆ తోలులోనే ఉంది. ఇంకో మిల్లీమీటర్ వెనక్కి అరగదియ్యి. నీళ్ల మగ్గు పక్కన పెట్టుకుని, చేత్తో ముట్టుకోలేనంత వేడి ఎక్కనివ్వకుండా.

ఇక బెజ్జం ఉలికి 25 డిగ్రీలేమిటి? 30, కావాలంటే 35 పెట్టు. 25 చేత్తో తోసి చెక్కే ఉలికి. నువ్వు కొయ్య సుత్తితో కొడుతున్నావు.

మిర్యాల_రంద, సోమవారం రాత్రి 8:58

మాస్టారూ, ఒకటిన్నర మిల్లీమీటర్ తీశాను, 30 పెట్టాను. ఇవాళ డ్యూటీ దిగి వచ్చి టేకులో రెండంగుళాల లోతు బెజ్జం కొట్టా. అడ్డం తిప్పి పెళ్లగించా. పని అయ్యాక అదే అంచుతో కాగితం కోశాను. పూర్తి నున్నగా కాదు, ఒకచోట పట్టింది. కానీ మడత లేదు, మూల విరగలేదు.

తాత ఉలి పక్కన పెట్టి చూశా. ఆయనది ఇంకా సన్నగా, తేలిగ్గా ఉంది. నాది గడ్డపార తమ్ముడిలా ఉంది.

కొనుక్కోరాదూ, సోమవారం రాత్రి 9:15

బ్రదర్, నాకు కూడా ఒకటి చేసిస్తావా? డబ్బులిస్తా.

మిర్యాల_రంద, సోమవారం రాత్రి 9:17

హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయన్నా.

వనపర్తి_చెక్క, సోమవారం రాత్రి 9:20

😂😂

బాలానగర్_ఫర్నేస్, సోమవారం రాత్రి 10:03

రంద బ్లేడు చేయాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఓ.హెచ్.ఎన్.ఎస్. పట్టీ ఒకటి తెచ్చి పంచుకుంటే ఒక్కొక్కరికి తక్కువ పడుతుంది. మందం నాలుగు మిల్లీమీటర్లకు తగ్గొద్దు, కొయ్య రందలో పలచటి బ్లేడు అదిరి చెక్క మీద అలలు వేస్తుంది. ఆకారం మీరు తీసుకుని పంపితే నేను ఇక్కడ ఫర్నేస్‌లో మిగతా సరుకుతో కలిపి వేయిస్తా. విడి ముక్కకు షాపులో మినిమమ్ చార్జి అడుగుతారు, ఆరేడు ఉంటే బేరం కుదురుతుంది.

కొలిమి_పోరడు, సోమవారం రాత్రి 10:09

నాకు ఒకటి.

వనపర్తి_చెక్క, సోమవారం రాత్రి 10:15

నాకు చిన్నది, అంగుళం వెడల్పు. బొమ్మల పలకలకు.

మిర్యాల_రంద, సోమవారం రాత్రి 10:22

నాకూ ఒకటి. ఈలోగా పిడి సంగతి చెప్పండి. తోకను చెక్కలోకి దించాను, కానీ పైన కొడుతుంటే చెక్క చీలుతోంది. పొన్ను ఏదీ లేక జి.ఐ. పైపు ముక్క తొడగాలనుకుంటున్నా, కాల్చి బిగిస్తే పట్టుకుంటుంది కదా?

బాలానగర్_ఫర్నేస్, సోమవారం రాత్రి 10:26

జి.ఐ. పైపును కాల్చకు! దాని మీది జింక్ పొగ పీలిస్తే రాత్రంతా చలిజ్వరం. చల్లగానే తొడుగు, లేదా ఏసీ మెకానిక్ దగ్గర రాగి గొట్టం ముక్క అడుగు. ఒక పక్క లోపల ఆకురాయితో కాస్త వాలు తీసి కొడితే బిగుస్తుంది.

కొలిమి_పోరడు, మంగళవారం ఉదయం 7:02

చీలేది పొన్ను లేకనే కాదన్నా. ఉలి భుజం చెక్కకు ఆనుతోందా, లేక తోక ఒక్కటే దెబ్బ మోస్తోందా? భుజం ఆనకపోతే తోక మేకులా దిగి చీలుస్తుంది. చెక్క ఏది?

మిర్యాల_రంద, మంగళవారం ఉదయం 7:30

భుజానికీ చెక్కకూ మధ్య వేలు సందు ఉంది. చెక్క వేప. ఇంటి వెనక నల్లతుమ్మ కొమ్మ ఉంది, పోయిన వారం గాలికి పడింది. దాంతో పిడి చెక్కనా?

కొలిమి_పోరడు, మంగళవారం ఉదయం 7:41

తుమ్మ మంచిదే, కానీ పచ్చిది ఇప్పుడే పెడితే ఎండి వదులైపోతుంది. ముక్కలు కోసి, కొసలకు పెయింట్ పూసి, నీడన పెట్టు. ఎండాకాలం దాటాక తీయి. అందాకా ఆ వేప పిడికే చీలిక దాటి కోసి, భుజం ఆనేలా దించు.

మిర్యాల_రంద, మంగళవారం ఉదయం 7:44

కోస్తే పిడి మూడంగుళాలే మిగులుతుంది.

కొలిమి_పోరడు, మంగళవారం ఉదయం 7:45

పాత రోకలి ఏదైనా ఉందా ఇంట్లో?

మిర్యాల_రంద, మంగళవారం ఉదయం 7:52

ఉంది. అడగాలి.